తేడా సున్నా

ఎంబీబీఎస్‌లో చేరినవాళ్ళకి అసలు క్లాసులు మొదలయ్యే ముందు ఒక నెలపాటు ఫౌండేషన్ కోర్సు ఉంటుంది. ఆ నెలలో పాఠాలు చెప్పరు. చేతులు ఎలా కడుక్కోవాలో, శరీరదానం చేసినవాళ్ళ ముందు ఎలా నిలబడాలో, రోగిని పేరు పెట్టి ఎలా పలకరించాలో చెబుతారు. సుభద్రకి ఇవి చాలలేదు. ఆదోని నుంచి కర్నూలు వచ్చిన వారంలోనే సీనియర్ల దగ్గర పాత పుస్తకాలు, ఒక ఎముకల పెట్టె సంపాదించింది. హాస్టల్ గదిలో మంచం మీద ఎముకలు పరుచుకుని, కళ్ళు మూసుకుని ఒక్కొక్కటీ తడిమి పేరు చెప్పేది.

"క్లాసులు మొదలయ్యాక ఎటూ తప్పదుగా. ఇప్పట్నుంచే ఎందుకే ఈ పుర్రెలతో కాపురం?" అనేది ఆమె గదిలోనే ఉండే నిస్సీ. మాచర్ల అమ్మాయి.

"ఇది కుడికాలిదో ఎడమకాలిదో తెలీట్లేదు. తెలుసుకోకపోతే నాకు అన్నం సయించదు" అనేది సుభద్ర.

కొత్త విద్యార్థులందరూ ఆ నెలలో ఎదురుచూసింది మాత్రం ఫిజియాలజీ విభాగంలో ఉన్న యంత్రం కోసం. దాని అసలు పేరు తలుపు మీద పొడుగ్గా రాసి ఉంది కానీ, అందరూ 'పరకాయ' అనే పిలుస్తారు. ప్రొఫెసర్ తాహెరా చాలా ఏళ్ళు కష్టపడి తయారుచేసింది. మెడకి ఒక పట్టీ, ఛాతీకి ఒక బెల్టు. అవి పెట్టుకుంటే ఎక్కడో, ఎప్పుడో ఒక రోగి ఒంట్లో నమోదు చేసిన బాధ కాసేపు మన ఒంట్లో కలుగుతుంది. జబ్బు రాదు, జబ్బు తాలూకు అనుభవం మాత్రమే వస్తుంది.

"ఆయాసం అనే మాట మీకు పుస్తకంలో దొరుకుతుంది. ఆయాసం దొరకదు. పుస్తకం తెరిచే ముందే దాన్ని ఒకసారి చూసి రండి" అని తాహెరా మేడమ్ మొదటిరోజే చెప్పింది.

ముందు నిస్సీ కూర్చుంది. ఆమెకి ఉబ్బసం రికార్డు పెట్టారు. నిమిషం గడవకుండానే కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. పీల్చిన గాలి బయటికి పోవటం లేదని చేత్తో సైగ చేసింది. పట్టీ తీసేశాక కళ్ళు తుడుచుకుంటూ, "మా తాతయ్యకి ఇదేనండి. ఎక్కువ చేసి చూపిస్తున్నాడని విసుక్కునేదాన్ని" అంది.

తర్వాత సుభద్ర. ఆమెకి పెట్టే రికార్డు ఒక గుండె రోగిది. అది ఏ జబ్బో విద్యార్థులకి ముందు చెప్పరు. ఆ రోగి మెట్లు ఎక్కుతుండగా నమోదు చేసింది కాబట్టి సుభద్ర కూడా గదిలో ఉన్న చెక్కమెట్టు ఎక్కుతూ దిగుతూ ఉండాలి.

"యంత్రం ముందు నీ ఒంట్లో ఏముందో చదువుకుంటుంది. రోగి ఒంట్లో ఏముందో దాని దగ్గర ఉంది. రెండింటికీ తేడా ఎంతో అంతవరకే నీకు పంపిస్తుంది. రోగి బాధ నీకంటే ఎక్కువైతే కలుపుతుంది, తక్కువైతే తగ్గిస్తుంది. నీకేమనిపిస్తే అది నీ మాటల్లోనే చెప్పు" అంది తాహెరా.

సుభద్ర ఎక్కింది, దిగింది. మళ్ళీ ఎక్కింది. కాసేపటికి ఆగి, "మేడమ్, ఇంకా ఆన్ చేయలేదా?" అని అడిగింది.

తాహెరా తెర వైపు చూసింది. తేడా దగ్గర సున్నా ఉంది. బెల్టు సరిచేసి మళ్ళీ ఎక్కించింది. మళ్ళీ సున్నా. బెల్టు పాడైందేమోనని దాన్నే నిస్సీకి కట్టి ఎక్కమంది. నిస్సీ నాలుగైదుసార్లు ఎక్కి దిగి, నేల మీద చతికిలబడిపోయింది.

"తీసేయండి మేడమ్! గుండె గొంతులోకొచ్చి కొట్టుకుంటా ఉంది. ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టుంది. కళ్ళు మసకలు కమ్ముతున్నాయి."

సుభద్ర ఆమె వైపు ఆశ్చర్యంగా చూసింది. "అంతేనా? మెట్లెక్కితే అట్లనే కదా ఉండేది?"

నిస్సీ రొప్పుతూనే తలెత్తి చూసింది. తాహెరా కుర్చీ లాక్కుని సుభద్ర ఎదురుగా కూర్చుంది.

"నీకు ఎప్పటినుంచీ అలా ఉంటుంది?"

"ఎప్పుడూ అట్లనే మేడమ్. అందరికీ అంతే కదా?"

"అలా ఉన్నప్పుడు ఏం చేస్తావు?"

"గొంతుక్కూర్చుంటా. కాసేపు మడమల మీద అట్ల కూర్చుంటే సర్దుకుంటాది. మా నాయనా అంతే చేస్తాడు. తిన్నాక దడ ఎక్కువుంటాదని మా ఇంట్లో ఎవ్వరూ కదలరు. మా చెల్లెలు ఒక్కతే కుదురుగా ఉండదు. దానికి ఖోఖో పిచ్చి."

"మీ తాతగారు ఉన్నారా?"

"లేడు మేడమ్. నేను పుట్టకముందే పోయినాడు. బస్సు పోతాందని పరిగెత్తి, ఎక్కి, సీట్లో కూర్చున్నాడంట. ఇంక లేయలేదు."

ఆ మాట అంటూ ఉండగానే సుభద్ర గొంతు మెల్లగా తగ్గిపోయింది. తను ఇప్పటిదాకా కథలాగా విన్నదాన్ని మొదటిసారి ఒక ప్రశ్నలాగా వింది.

మర్నాడు గుండె స్కానింగ్ చేశారు. గుండె కండరం ఉండాల్సిన దానికంటే మందంగా ఉంది. తల్లిదండ్రుల నుంచి పిల్లలకి సంక్రమించే జబ్బు. గుండె డాక్టరు మాత్రలు రాసి, సుభద్రకి ఇప్పటికి పెద్ద ప్రమాదం లేదనీ, ఇంట్లో అందరికీ పరీక్ష చేయాలనీ చెప్పాడు. జబ్బు ఉన్నవాళ్ళు ఒళ్ళు తెలియకుండా పరుగులు పెడితే గుండె లయ తప్పి ఆగిపోవచ్చన్నాడు. సుభద్రకి ఏడుపు రాలేదు. తన గుండె బొమ్మని తెర మీద చూస్తూ ఏ గోడ మందంగా ఉందో చూపించమని అడిగింది. ఆయన చూపిస్తే వేలు పెట్టి కొలిచింది. పుస్తకంలో ఇంకా ఆ పేజీ దాకా రాలేదు.

ఆదివారం ఆదోనికి వెళ్ళింది. తండ్రి మద్దిలేటి దర్జీ. ఇంటి ముందుగదే అంగడి. ఊళ్ళో ఆయనకి నిదానస్తుడని పేరు. ఎవరు గొడవకొచ్చినా గొంతు పెంచడు, కుట్టు ఆలస్యమైందని తిట్టినా నవ్వి ఊరుకుంటాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక రోజూలాగే ఆయన గోడకి ఆనుకుని కదలకుండా కూర్చున్నాడు. సుభద్ర కూడా అలవాటుగా పక్కన కూర్చుంది. తల్లి శంకరమ్మ గిన్నెలు తీస్తోంది. చెల్లెలు పావని గుమ్మంలో బూట్ల లేసులు కట్టుకుంటోంది. ఇంటర్ మొదటి సంవత్సరం. రాష్ట్ర ఖోఖో జట్టు ఎంపికలు ఆ వారంలోనే ఉన్నాయి.

సుభద్ర జరిగిందంతా చెప్పింది. మద్దిలేటి చివరిదాకా విన్నాడు.

"నాకు బాగలేకపోతే నాకు తెలీదా పాపా?"

"నాకూ తెలీలేదు కదా నాయనా. నేను మెట్టు ఎక్కి దిగి, మిషను ఆన్ చేయలేదేమని అడిగినా."

"నాకు తెలుసు" అంది శంకరమ్మ వంటింటి గడప దగ్గర నిలబడి. "పెండ్లయి వచ్చిన కొత్తలో మీ జేజిని, ఈయన అమ్మని, అడిగినా. ఈయన బజారుకి పోయొచ్చి వాకిట్లో గొంతుక్కూర్చుంటాడేంది, ఏమన్నా బాధనా అని. మా ఇంట్లో వాళ్ళు అందరూ నిదానం, నువ్వే ఉరుకులు తగ్గించుకో అనింది. తగ్గించుకున్నా. ఇప్పుడు నాకూ తిన్నాక కూర్చోవడమే అలవాటైంది."

మద్దిలేటి భార్య వైపు చూసి, కూతురి వైపు తిరిగాడు. "కోపమొస్తే గుండె దడదడమంటాది. అందుకే రానియ్యను. మా నాయన కూడా అంతే చెప్పె. ఊరంతా మద్దిలేటి మంచోడు అంటారు. ఇప్పుడు నువ్వేమంటావు, ఆ మంచితనమంతా జబ్బేనా?"

 

పావని లేచి నిలబడింది. "నాకు ఏ దడా లేదు. నేను పోతాండా, ప్రాక్టీసుకి టైమైంది."

"పరీక్ష అయ్యేదాకా పరిగెత్తొద్దు పావనీ" అంది సుభద్ర.

"ఎంపికలు గురువారం!"

"తెలుసు."

"తెలిసీ చెప్తాండావా?" పావని బూటు విప్పి గోడకేసి కొట్టింది.

పరీక్షలు తేలేసరికి గురువారం దాటిపోయింది. స్కానింగులో పావని గుండె మామూలుగానే ఉంది కానీ, ఈ వయసులో అది చాలదని, రక్తంలో ఆ జన్యువు ఉందో లేదో చూడాలని డాక్టరు అన్నాడు. ఫలితం వచ్చేసరికి జట్టు పేర్లు పత్రికలో పడ్డాయి. పావనికి జబ్బు లేదు, రాదు కూడా. ఆ మాట ఫోనులో చెబితే పావని, "మంచిది" అని పెట్టేసింది. ఆ తర్వాత చాలా రోజులు సుభద్రతో మాట్లాడలేదు.

మద్దిలేటి సంగతి వేరు. ఆయన గుండె గోడ సుభద్ర గుండె కంటే బాగా మందంగా ఉంది. తండ్రి అలా పోయాడు కాబట్టి ఆయనకి మాత్రలు చాలవన్నారు. భుజం కింద చర్మం లోపల చిన్న పరికరం అమర్చాలి. గుండె లయ తప్పితే అదే కుదుపు ఇచ్చి సరిచేస్తుంది. మద్దిలేటి తలూపి ఆస్పత్రి నుంచి వచ్చేశాడు. మళ్ళీ వెళ్ళలేదు. సుభద్ర ఫోను చేస్తే, "బాగుండాను పాపా. పెండ్లిళ్ళ కాలం, కుట్టు పని మస్తుగుండాది" అనేవాడు. ఆయన అబద్ధం చెప్పటం లేదని సుభద్రకి తెలుసు. ఆయన నిజంగానే బాగున్నాడు. ఆయనకి తెలిసిన బాగుండటం అదే.

అప్పుడే ఆమెకి ఒక సందేహం వచ్చింది. తాహెరా మేడమ్ గదికి వెళ్ళింది.

"మేడమ్, ఏ జబ్బూ లేనివాళ్ళ రికార్డు ఉందా?"

తాహెరా నవ్వబోయి ఆగింది. "లేదు. ఎవరూ అడగలేదు. లేని జబ్బుని నమోదు చేయాలని నాకూ తట్టలేదు. ఎందుకు?"

"మీరందరూ మెట్లెక్కితే ఎట్లుంటాదో చూద్దామని."

నిస్సీకి బెల్టు కట్టి మెట్టు ఎక్కించారు. ఆమె అటూ ఇటూ చూస్తూ ఎక్కి దిగింది. దాన్ని నమోదు చేసి సుభద్రకి పెట్టారు. గుండె డాక్టరు పక్కనే ఉన్నాడు. బాధ తెలియకుండా పోతుంది తప్ప గుండె మారదు, అందుకే నాలుగుసార్లకి మించి ఎక్కొద్దన్నాడు.

మూడోసారి ఎక్కుతూ సుభద్ర కిందికి చూసుకుంది. కాళ్ళు కదులుతున్నాయో లేదో అనుమానం వచ్చింది. ఛాతీలో ఎప్పుడూ ఉండేదేదో లేదు. అక్కడ ఏమీ లేదు. గుండె ఉందో లేదో తెలియటం లేదు. కాస్త భయం వేసింది, ఆ వెంటనే నవ్వొచ్చింది. వీళ్ళందరూ ఇంత తేలికగా తిరుగుతున్నారా? ఇలా తిరుగుతూ కూడా లిఫ్ట్ పాడైందని గొణుగుతారా?

పట్టీ తీసేశాక ఆమె నవ్వు ఆగిపోయింది. పాత బరువు తిరిగి వచ్చి కూర్చుంది. అది కొత్తదేం కాదు, నిన్నటిదాకా ఉన్నదే. కానీ నిన్నటిదాకా దానికి బరువని పేరు లేదు. హాస్టల్ మెట్లు ఎక్కుతూ మొదటి మలుపులోనే ఆగి, రెయిలింగు పట్టుకుని నిలబడింది. పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి తనకి ఆయాసంగా ఉందని ఆమెకి అర్థమైంది.

మర్నాడు సుభద్ర చెప్పింది విని తాహెరా, "జబ్బు రికార్డు తీసేస్తే విద్యార్థికి హాయిగా ఉంటుంది. ఇది తీసేస్తే ఏమవుతుందో నేను ఆలోచించలేదు" అంది. "మీ నాన్నగారికి ఇది పెట్టాలనే కదా నీ ఆలోచన? వద్దు సుభద్రా. ఆయన ఇప్పుడు సుఖంగా ఉన్నారు. ఒకసారి తెలిశాక తెలియకుండా చేయటం నా యంత్రం వల్ల కాదు."

"ఆయన్నే అడుగుదాం మేడమ్. నాకేమైందో దాచకుండా చెప్తా. వద్దంటే వద్దు."

ఫోనులో ఏదీ దాచలేదు. మెట్ల మలుపులో రెయిలింగు పట్టుకుని నిలబడ్డ సంగతి కూడా చెప్పింది. అవతల కుట్టు మిషను చప్పుడు ఆగింది.

"అంటే, తీసేసినాక బాధ ఎక్కువైతాదా?"

"ఎక్కువ కాదు నాయనా. ఉన్నదే తెలుస్తాది."

"పెడితే ఎవరిది పెడతారు?"

"నిస్సీది ఉంది. మెట్లెక్కినది."

"మన పావని పరిగెత్తినేది పెట్టేకి కాదా?"

చెల్లెలు ఫోను ఎత్తటమే మానేసింది. చివరికి తండ్రే చిన్నకూతుర్ని ఒప్పించాడు.

ఫౌండేషన్ కోర్సు ముగిసి, అసలు క్లాసులు మొదలవటానికి ముందు శనివారం ముగ్గురూ కర్నూలు వచ్చారు. మద్దిలేటి తను కుట్టుకున్న కొత్త చొక్కా వేసుకున్నాడు. కాలేజీ గ్రౌండులో పావని ఛాతీకి సుభద్ర బెల్టు కట్టింది. పావని చేతులు ఎత్తి, ముఖం పక్కకి తిప్పుకుని నిలబడింది.

"బిగుతుగా ఉందా?"

"లేదు."

"పావనీ, ఆ ఎంపికల సంగతి..."

"ఇప్పుడొద్దు. ఎంత దూరం పరిగెత్తల్ల?"

"నీ ఇష్టం."

పావని బూట్లు విప్పేసి పరిగెత్తింది. గ్రౌండు చివర స్తంభం దాకా వెళ్ళి, ఒంటి చేత్తో దాన్ని పట్టుకుని గిర్రున తిరిగి, వెనక్కి వచ్చింది. ఆపమన్నా ఆగకుండా మళ్ళీ వెళ్ళింది. ఎంపికల వారమంతా పరిగెత్తని పరుగు ఆ రోజు పరిగెత్తినట్టుంది. గట్టు మీద కూర్చుని మద్దిలేటి ఆమెనే చూస్తున్నాడు.

లోపల ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టారు. పట్టీ కట్టేటప్పుడు, "లేవకూడదు, పరుగు అమ్మాయిదైనా గుండె మాత్రం మీదే" అని డాక్టరు రెండుసార్లు చెప్పాడు. శంకరమ్మ భర్త భుజం మీద చెయ్యి వేసింది. తాహెరా ఒకసారి సుభద్ర వైపు చూసి, రికార్డు మొదలుపెట్టింది.

మొదట ఏమీ కనిపించలేదు. మద్దిలేటి కళ్ళు మూసుకున్నాడు. తర్వాత ఆయన కాలివేళ్ళు నేలని తన్నినట్టు కదిలాయి. ముక్కుపుటాలు విచ్చుకున్నాయి. పావని స్తంభం చుట్టూ తిరిగిన చోట ఆయన ఒళ్ళు ఒక పక్కకి ఒరిగింది. శంకరమ్మ గట్టిగా పట్టుకుంది. ఆయన పెద్దగా నవ్వాడు. ఆ ఇంట్లో ఎవరూ ఆయన అంత గట్టిగా నవ్వగా వినలేదు. అంత గట్టిగా నవ్వితే దడ వస్తుందని ఆయన నవ్వేవాడు కాదు.

రికార్డు అయిపోయింది. తాహెరా పట్టీ తీసింది. మద్దిలేటి ముఖంలో నవ్వు ఇంకా ఉండగానే చెయ్యి మెల్లగా ఛాతీ మీదికి వెళ్ళింది. అక్కడే ఆగింది. వేళ్ళతో అదిమి చూసుకున్నాడు, కొలత తీసుకునేటప్పుడు గుడ్డని చూసినట్టు.

"ఇదా?" అన్నాడు. "దీన్నా నేను మోస్తాండేది?"

సుభద్ర ఆయన కాళ్ళ దగ్గర కూర్చుంది. "నాయనా, నేను చెప్పినా కదా..."

"చెప్పినావులే. నువ్వు చెప్పకుండా ఏమీ చేయలేదు." ఊపిరి తీసుకున్నాడు. ఆ ఊపిరి ఎక్కడ ఆగుతుందో ఇప్పుడు ఆయనకి తెలుస్తున్నట్టుంది. తర్వాత చిన్నకూతురి కోసం చూశాడు. పావని తలుపు దగ్గర, మట్టికాళ్ళతో, లోపలికి రావాలో వద్దో తెలియకుండా నిలబడి ఉంది.

"పాపా, పరిగెత్తినప్పుడు నీకు ప్రతిసారీ ఇట్లనే ఉంటాదా?"

"ఎట్ల నాయనా?"

మద్దిలేటి చెప్పబోయాడు. చేతులు గాలిలోకి లేచి, ఏదో విప్పుతున్నట్టు కదిలి, మళ్ళీ ఒళ్ళోకి దిగాయి. "ఎట్లంటే... నువ్వే చెప్పు. ఎట్లుంటాది?"

పావని ఆలోచించింది. అక్క వైపు చూసింది, చాలా రోజుల తర్వాత సూటిగా. "ఏమీ ఉండదు నాయనా. ఊరికే పరిగెత్తుతా. అంతే."

"అదే" అన్నాడు మద్దిలేటి. "ఆ ఏమీ ఉండకపోవడమే."

కాసేపు కుర్చీలోనే కూర్చున్నాడు. శంకరమ్మ నీళ్ళు ఇస్తే తాగాడు. చొక్కా గుండీలు పెట్టుకుంటూ, డాక్టరు వైపు తిరిగి, ఎడమ భుజం కింద చెయ్యి పెట్టి చూపించాడు.

"ఇక్కడే కదా సార్ మీరు పెట్టేది? ఎంత లావుంటాది? చొక్కాకి ఈ పక్క గుడ్డ కొంచెం వదులు ఇయ్యల్ల. ఎప్పుడు రమ్మంటారు?"